బయాప్సీ రిపోర్టులో చివరి వాక్యం

2006 జూన్‌లో నన్ను పుదుచ్చేరి పట్టణంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ సర్జరీ వార్డు నుంచి యూరాలజీ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా మార్చారు. ఆసుపత్రి పేరు రాయను. ఉత్తర్వులో ‘పరిపాలనా కారణాల వల్ల’ అని ఉంది. అసలు కారణం ఆ భవనంలో అందరికీ తెలుసు. సర్జరీ థియేటర్‌లో పరికరాలను మందునీళ్ళలో ఉంచవలసినంత సేపు ఉంచకుండానే తీసేస్తున్నారని నేను మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మూడో ఫిర్యాదుకు జవాబుగా బదిలీ వచ్చింది. యూరాలజీ అంటే మూత్రం సంచులు, కాథెటర్లు, ఎంత కడిగినా పోని వాసన. అక్కడ పడేస్తే నోరు మూసుకుంటుందని అనుకున్నారు. అనుకున్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరి పేర్లూ నాకు గుర్తున్నాయి.

నాది యానాం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నర్సింగ్ చదువు పుదుచ్చేరిలో, ఆ తర్వాత ఉద్యోగమూ అక్కడే. నెల్లితోపులో అద్దె ఇల్లు, టౌను బస్సులో రాకపోకలు. యూరాలజీకి వచ్చేసరికి నా సర్వీసు పద్దెనిమిదేళ్ళు.

ఆ వార్డులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. యూనిట్ చీఫ్ మూత్రాశయ క్యాన్సర్ చికిత్సకు సంబంధించిన మార్గదర్శకాలను రెండు పేజీలుగా టైపు చేయించి, స్కోపు గది గోడకు సెల్లోటేపుతో అంటించారు. ఏ దశలో ఏ చికిత్స, ఎన్ని వారాలకు మళ్ళీ పరీక్ష, అన్నీ అందులో ఉన్నాయి. కొత్తగా చేరిన రోజుల్లో పని తక్కువగా ఉన్నప్పుడు నేను ఆ రెండు పేజీలనూ నా నోట్‌బుక్కులో తెలుగులోకి రాసుకున్నాను. డిసెంబరులో తనిఖీ బృందం వస్తోందని గోడలకు రంగు వేసినప్పుడు ఆ కాగితాలు చింపి పారేశారు. మళ్ళీ ఎవరూ అంటించలేదు. నా నోట్‌బుక్కు మాత్రం మిగిలింది.

ఈ పని తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. మూత్రాశయం ఒక సంచి. దాని గోడకు లోపల పలుచని పొర, దాని కింద మెత్తని పొర, ఆ కింద కండరం. గడ్డ సాధారణంగా లోపలి పొరలో మొదలవుతుంది. మూత్రమార్గం గుండా స్కోపు అనే సన్నని గొట్టం పంపి, కరెంటు తీగతో గడ్డను పొరలు పొరలుగా చెక్కి తీస్తారు. మా వార్డు భాషలో దాన్ని టి.యు.ఆర్. అనేవాళ్ళం. ఆ ముక్కలను బయాప్సీకి పంపుతారు. గడ్డ పైపొరలకే పరిమితమైతే సంచిని కాపాడుకోవచ్చు. కండరంలోకి దిగితే సంచినే తీసేయవలసి రావచ్చు. రోగి బతుకంతా ఆ తేడా మీద ఉంటుంది. అయితే పంపిన ముక్కల్లో అసలు కండరమే లేకపోతే? గడ్డ కండరంలోకి దిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. మార్గదర్శకం ఇక్కడ స్పష్టంగా ఉంది: గడ్డ చురుకైన రకమై, ముక్కలో కండరం కనబడకపోతే, రెండు నుంచి ఆరు వారాల లోపు రెండోసారి చెక్కి చూడాలి.

2007 జనవరి చివర్లో ఆర్. వరదరాజులు అనే రైతు మా వార్డులో చేరాడు. అరవై దాటిన మనిషి. బాహూరు కొమ్యూన్ పంచాయతీలోని ఒక ఊరు. తాతముత్తాతల కాలం నుంచి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదవగలిగేది తమిళం. చెరుకు పండిస్తాడు, రోజుకు ఆరేడు చుట్టలు కాలుస్తాడు. ఎనిమిది నెలలుగా అప్పుడప్పుడూ మూత్రం ఎర్రగా వస్తోంది. ఆ ఊళ్ళో అందరూ ‘సూడు’ అన్నారు, తమిళంలో అంటే ఒంట్లో వేడి. కొబ్బరినీళ్ళు, బార్లీ, నానబెట్టిన మెంతులు. ప్రతిసారీ తగ్గింది. ఈ జబ్బులోని దుర్మార్గం అదే. నొప్పి ఉండదు, రక్తం తనంతట తానే ఆగుతుంది. ఆగడానికి ముందు ఏది తాగి ఉంటే అదే మందని నమ్ముతారు. ఎనిమిదో నెలలో గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఒంటికి పోవడమే ఆగిపోతే అప్పుడొచ్చాడు.

మోకాలి ఆపరేషన్ చేయించుకుని చీఫ్ రెండు నెలల సెలవులో ఉన్నారు. ఇన్‌ఛార్జిగా ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ టి.యు.ఆర్. చేశారు. నాలుగో రోజు డిశ్చార్జి.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. బయాప్సీ రిపోర్టు పది రోజులకు వస్తుంది. దాన్ని ల్యాబులో తీసుకుని ఓ.పి.కి తెచ్చుకోవలసింది రోగి మనుషులే. మా యూనిట్ ఓ.పి. మంగళ, శుక్రవారాల్లో. ఊరి నుంచి వచ్చేవాళ్ళకు బస్సు దొరికిన రోజే ఓ.పి. రోజు. వరదరాజులు బుధవారం వచ్చాడు. వేరే యూనిట్ జూనియర్ డాక్టర్ రిపోర్టు పైభాగం చదివి, గడ్డ తీసేశారు కాబట్టి మూడు నెలల తర్వాత స్కోపు పరీక్షకు రమ్మని చీటీ మీద రాసి పంపేశాడు. రిపోర్టు కాపీ వార్డుకు వచ్చింది. క్యాన్సర్ రోగుల కోసం నేనొక రిజిస్టర్ పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు. రిపోర్టును చివరి అక్షరం దాకా చదివి అందులో ఎక్కించడం నా అలవాటు. పైన ‘చురుకైన రకం, రెండో పొరలోకి దిగింది’ అని ఉంది. కింద, డాక్టరు సంతకానికి పైన, చివరి వాక్యం: ‘పంపిన ముక్కల్లో కండరం కనబడలేదు.’

ఆపరేషన్ జరిగి అప్పటికి పదహారు రోజులు. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. మిగిలినవి ఇరవై ఆరు.

మర్నాడు రౌండ్సులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రిపోర్టు చూపించాను. ఆయన చూసి, తాను చేసిన టి.యు.ఆర్. పూర్తిగా జరిగిందనీ, కళ్ళతో చూశాననీ అన్నారు. కండరం కనబడలేదని రాశారు కదా అన్నాను. ఆయన వెనక్కు తిరిగి, వెంట ఉన్న విద్యార్థులకు వినబడేలా “సిస్టర్, మీరు ఎం.సి.హెచ్. ఎప్పుడు పాసయ్యారు? మాకు పార్టీ ఇవ్వనే లేదే!” అన్నారు. ఎం.సి.హెచ్. అంటే యూరాలజీలో పై డిగ్రీ. ఆరుగురు విద్యార్థులు నవ్వారు. ఏడో అమ్మాయి నవ్వలేదు. ఆ అమ్మాయినీ మరిచిపోలేదు.

చీఫ్ ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య తీసి, విశ్రాంతిలో ఉన్నారని పెట్టేశారు. మెడికల్ సూపరింటెండెంట్‌కు అర్జీ రాశాను. నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా రాలేదని వెనక్కు వచ్చింది. ఆమె ద్వారా పంపాను. వైద్య నిర్ణయాల్లో నర్సింగ్ సిబ్బంది జోక్యం తగదని అంచున రాసి మళ్ళీ వెనక్కు పంపారు. ఈ రెండిటికీ పన్నెండు రోజులు పోయాయి. రెండు కాగితాలూ ఇన్‌వర్డ్ సెక్షన్ ముద్రతో సహా నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

అప్పుడు వాదన మానేశాను. ముప్పయ్యో రోజున కేస్‌షీటు పట్టుకుని అసిస్టెంట్ ప్రొఫెసర్ గదికి వెళ్ళాను. మార్గదర్శకం తెలుగు రాతలోనే ఉన్న నోట్‌బుక్కు పక్కన పెట్టి, “సార్, ఈ రోగికి రెండోసారి చెక్కి చూడటం అవసరం లేదని మీరే ఇక్కడ రాసి, తేదీ వేసి సంతకం చేయండి. నేనిక అడగను” అన్నాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నారు. మాటల్లో అవసరం లేదనడం సులువు. కేస్‌షీటులో లేదనడం వేరు. చివరికి వచ్చే వారం శుక్రవారం థియేటర్ జాబితాలో వరదరాజులు పేరు రాశారు. ఆ రోజు మనిషి రాకపోతే పేరు కొట్టేస్తాననీ, ఆ తర్వాత మరమ్మతుల కోసం థియేటర్ మూడు వారాలు మూసేస్తున్నారనీ, ఇంకో తేదీ అడగవద్దనీ చెప్పారు. ఆ శుక్రవారం ముప్పై తొమ్మిదో రోజు.

కేస్‌షీటులో ఉన్న ఫోన్ నంబరు పక్కింటివాళ్ళది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ‘చెప్తాం’ అని పెట్టేశారు. అందుకని బుధవారం నా వారపు సెలవు వాడుకుని బస్సెక్కాను. రోగి ఇంటికి వెళ్ళడం మా విధుల్లో లేదు. వెళ్ళకూడదనీ ఎక్కడా లేదు.

ఇంటి ముందు ఒకామె గంగాళాలు తోముతోంది. వరదరాజులు భార్య ఆండాళమ్మ.

“ఎవురమ్మా నువ్వు? యాడనించి వచ్చినావు?”

ఆసుపత్రి నుంచి వచ్చానండి అన్నాను.

“అండి అంటా ఉండాది, సినిమాలో మాట్లాడినట్ట” అని నవ్వి, లోపలికి కేకేసింది. “ఇదో, నీకోసరం ఆస్పత్రి సిస్టరమ్మ వచ్చుండాది!”

వరదరాజులు చుట్ట వెనక్కు దాచుకుంటూ బయటికొచ్చాడు. “ఏందమ్మా, ఆస్పత్రిలో రోగులు కరువైపోయినారా? బస్సెక్కి వచ్చి పట్టకపోతా ఉండారా?”

విషయం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “నెత్తురు నిలిచిపోయి నెలాయె. ఒళ్ళు సల్లగా ఉండాది. మూడు నెలలకి రమ్మని చీటీలో రాసిచ్చినారు గదా. ఆయప్ప డాక్టరు. ఆయప్ప రాసింది అబద్ధమా, నువ్వు చెప్పేది నిజమా?”

రోగి దగ్గర నర్సు డాక్టరును తప్పుపట్టకూడదు. అది మా వృత్తిలో మొదటి పాఠం. “చీటీ రాసిన ఆయన రిపోర్టులో చివరి లైను చదవలేదు మామా” అన్నాను.

అప్పుడు ఆయన అసలు అడ్డు చెప్పాడు. శుక్రవారం మిల్లు కటింగ్ ఆర్డరు. చక్కెర మిల్లు ఒక్కో రైతుకు ఒక్కో తేదీ ఇస్తుంది. ఆ తేదీన చెరుకు కొట్టి లారీకి ఎక్కించాలి. తప్పితే వరుస వెనక్కు పోతుంది, ఈలోపు చెరుకు నిలువునా ఎండుతుంది. ఆండాళమ్మ తోముతున్న గంగాళాలు శుక్రవారం కూలీల వంటకే.

“ఏడాది కష్టం. నేను లేకుంటే ఎవురు కొట్టిస్తారు? థియేటరు యాడికీ పోదు గదా.”

థియేటర్ మూసేస్తున్నారన్నాను. నమ్మలేదు. చీటీ వెనకవైపు మూత్రాశయం గోడ బొమ్మ గీశాను. మూడు పొరలు, పైన గడ్డ. ఇంతవరకు తీశారు, దీని కింద ఏముందో ముక్కలో రాలేదు అని పెన్నుతో చూపించాను. చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అంటే చెరుకు కొట్టినారు. నేలలో దుబ్బు ఉండిపోయిందో లేదో చూడలేదంటావు.”

అదేనన్నాను.

“దుబ్బుంటే మళ్ళా పిలకేస్తాది.”

“ఇది పైకి వెయ్యదు మామా. లోపలికి పోతుంది.”

ఆండాళమ్మ గంగాళం బోర్లించి లేచింది. “లారీ సంగతి నేను చూసుకుంటా, నువ్వు పో. నీ మాట కూలోళ్ళు యాడ వింటారు? నేను పెట్టే కూడు జూసి గదా వచ్చేది.”

“సరే. పోయొస్తే దీంతో అయిపోతాదా?” అని ఆయన నన్నడిగాడు.

అయిపోతుందన్నాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి ఆయన మా వార్డు ముందు బెంచీ మీద ఉన్నాడు, ఒంటరిగా. చెరుకు పనిలో ఉన్నందున తోడు ఎవరూ రాలేదు. తోడు లేని రోగిని థియేటర్‌కు పంపకూడదన్నది ఆసుపత్రి నియమం. తోడు ఉన్నవారి స్థానంలో నేను సంతకం చేశాను. ఆపరేషన్ అసిస్టెంట్ ప్రొఫెసరే చేశారు. నిజం చెప్పాలంటే బాగా చేశారు. పాత మచ్చ అడుగు నుంచి లోతుగా తీసి, ఆ ముక్కలను వేరే సీసాలో వేయించారు. ఈసారి రిపోర్టు రోగి మనుషుల చేతికి వెళ్ళనివ్వలేదు. పదో రోజున ల్యాబుకు నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ముక్కలో కండరం ఉంది. కండరంలో క్యాన్సర్ ఉంది.

మూడు నెలల చీటీ ప్రకారం వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించి రాయను. మార్గదర్శకం ప్రకారం తర్వాతి మెట్టు మాత్రం రాస్తాను. స్కాన్‌లో వేరేచోటికి పాకలేదని తేలితే, జాప్యం చేయకుండా సంచిని తీసేయాలి. పేగు ముక్కతో దారి చేసి, పొట్ట మీద రంధ్రం పెట్టి, మూత్రం బయటి సంచిలోకి వచ్చేలా అమర్చాలి. వరదరాజులు విషయంలో స్కాన్‌లో పాకినట్టు లేదు. సెలవు ముగించుకుని వచ్చిన చీఫ్ రోగిని కూర్చోబెట్టి అంతా చెప్పారు. నేను పక్కనే నిలబడ్డాను. వరదరాజులు చీఫ్ వైపు చూడలేదు.

“అయిపోతాదంటివి గదమ్మా” అన్నాడు నాతో. “నీ మాట నమ్మి, లారీ దినం ఇడిసిపెట్టి వచ్చినా.”

నాకు జరిగిన అవమానాలన్నిటికీ తేదీలు చెప్పగలను. ఇది నేను ఇంకొకరికి చేసినది. రెండోసారి చెక్కేది తెలుసుకోవడానికి. తెలుసుకుంటే ఏం తేలుతుందో ఆ ఇంటి ముందు నాకు తెలియదు. తెలియనిది తెలియదని చెబితే ఆయన బస్సెక్కడని భయపడి, అయిపోతుందన్నాను. ఆయన వచ్చింది సరైన పనికే. అయినా నేను చెప్పింది తప్పు.

ఏప్రిల్‌లో ఆపరేషన్ జరిగింది. ఇరవై రోజులు వార్డులో ఉన్నాడు. పొట్ట మీద సంచి అతికించడం, ఖాళీ చేయడం నేర్పించడం నా పని. ఆయన నా దగ్గర నేర్చుకోనన్నాడు. జూనియర్ నర్సు దగ్గర నేర్చుకున్నాడు. ఆ అమ్మాయికి నేను రోజూ ముందుగా చెప్పి పంపేదాన్ని.

ఆ తర్వాత పరీక్షల తేదీలు వరుసగా ఉంటాయి. ఒక్క తేదీ తప్పలేదు. మంగళవారం అంటే మంగళవారమే, బస్సు ఉన్నా లేకున్నా. చీటీ మాత్రం నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు. ఏడాది తర్వాత ఒక మంగళవారం ఎండకు సంచి అంచు ఊడి, పంచె తడిసి వచ్చాడు. ఆ రోజు జూనియర్ నర్సు సెలవు.

“ఇదేందో జూడు, ఒట్టుకోలే” అన్నాడు గోడ వైపు చూస్తూ.

చర్మం తుడిచి, ఆరబెట్టి, కొత్తది అతికించాను. ఆండాళమ్మ పక్కన నిలబడి, “సావు తప్పింది గానీ ఈ మనిషికి కోపం తప్పలే సిస్టరమ్మా. నీకు దగ్గ రోగి దొరికినాడు” అంది. ఆయన నవ్వలేదు. తర్వాతి నెల నుంచి చీటీ నా చేతికే ఇచ్చాడు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆపరేషన్ జరిగిన 2007 చివర్లోనే మా ఆసుపత్రి వైద్యుల సమావేశంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఈ కేసు గురించి ప్రసంగించారు. మార్గదర్శకాల ప్రకారం మా యూనిట్‌లో రెండోసారి చెక్కి చూడటం క్రమం తప్పకుండా జరుగుతోందని తెర మీద చూపించారు. కింద కృతజ్ఞతలు చెప్పిన పేర్లు ఎనిమిది. థియేటర్ అటెండర్ పేరు కూడా ఉంది, ఉండవలసిందే. నా పేరు లేదు. నేను చివరి వరుసలో కూర్చుని ఆ తెర మీదివన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. మరుసటి రోజు ఆ ప్రసంగాన్నే ఆధారంగా చూపిస్తూ అర్జీ పెట్టాను: క్రమం తప్పకుండా జరుగుతోందని మీరే అన్నారు కాబట్టి, ప్రతి మూత్రాశయ క్యాన్సర్ కేస్‌షీటులో మూడు గడులు అచ్చు వేయించాలి. ముక్కలో కండరం ఉందా లేదా, రెండోసారి చెక్కవలసిన చివరి తేదీ, ఆ తేదీకి రోగిని రప్పించే బాధ్యుల పేరు. పద్నాలుగు నెలలు పట్టింది. నాలుగుసార్లు వెనక్కు వచ్చింది. ఒకసారి మార్జిన్ సరిగా లేదన్నారు. ‘ప్రయోగాత్మకంగా’ అని రాసి మంజూరు చేశారు. మూడో గడి మాత్రం కొట్టేశారు. నేను రబ్బరు స్టాంపు చేయించుకుని, ఆ గడిని నా చేత్తోనే ముద్ర వేసుకుంటూ వచ్చాను.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది మూడో గడిలోనే ఉంది. నియమం ఎంత మంచిదైనా, దాని తేదీ ఫలానా మనిషిదని రాసి ఉండకపోతే అది ఎవరిదీ కాదు. పట్టణంలో ఉన్న రోగి మళ్ళీ వచ్చి అడుగుతాడు. ఊళ్ళో ఉన్న రోగికి కోత ఉంటుంది, బస్సు ఉండదు, రక్తం ఆగిపోయి ఉంటుంది. అతని తేదీని ఆసుపత్రిలో ఒకరు తమదిగా పెట్టుకోవాలి. పెట్టుకున్నవారు రోగికి నిజం మొత్తం చెప్పాలి, అతను బస్సెక్కడేమోనని భయం ఉన్నా సరే. అవసరం లేదనే డాక్టరును అదే మాట రాసి సంతకం పెట్టమని అడగాలి.

నేను పదవీ విరమణ చేసేనాటికి వరదరాజులు పరీక్షలకు వస్తూనే ఉన్నాడు. రాబోయే తేదీని రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో రాసి, ఎదురుగా నా పేరు కొట్టేసి, నా స్థానంలో వచ్చిన సిస్టర్ పేరు రాశాను. ముట్టినట్టు ఆమె చేత సంతకం చేయించుకుని బయటికి వచ్చాను.